మాంగ్ టెర్యో తాయెత్తు పరీక్ష

మాంగ్ టెర్యో చేసిన తాయెత్తు ఏదైనా సరే, ముందు వారం రోజులు ఆయన ఒంటి మీద తిరగాలి. ఆ తరవాతే అడిగినవాళ్ళ ఒంటి మీదకి వెళ్ళాలి. పెళ్ళికూతురి చెవిపోగులైనా అంతే, పాలు తాగే పసిపిల్ల కడియమైనా అంతే. కడియం ఆయన చేతికి పట్టదు కాబట్టి బొటనవేలికి తగిలించుకుని తిరుగుతాడు. చెవులు కుట్టించుకోలేదు కాబట్టి పోగుల్ని దారంతో చెవులకి వేలాడదీసుకుంటాడు. ఎవరైనా నవ్వితే నవ్వనిచ్చి, "పరీక్ష కావాలి కదా" అంటాడు.

ఆదివారం పూజకి కూడా అలాగే వెళ్ళేవాడు. ఒకసారి ఫాదరు గుమ్మం దగ్గర ఆపి, "టెర్యో, ఆ చెవులకేంటి?" అని అడిగాడు.

"పరీక్ష, ఫాదర్."

"చర్చిలో ఏం పరీక్షయ్యా?"

"మీ ప్రసంగానికి తట్టుకుంటాయో లేదోనని."

బనహావ్ కొండ కింద ఉన్న ఆ ఊళ్ళో తాయెత్తుని పరీక్షించడం కొత్తేమీ కాదు. యేసుని సిలువ వేసిన పెద్ద శుక్రవారం నాడు కొండెక్కి, గుహల్లో ప్రార్థనలు చేసి, తాయెత్తుకి బలం పోసుకుని దిగుతారు. పాతకాలం మగాళ్ళు దిగీ దిగగానే కత్తితో ముంజేతి మీద కొట్టుకుని చూసుకునేవాళ్ళట. మాంగ్ టెర్యోకి కత్తంటే భయం. సూదన్నా భయమే. ఊళ్ళోకి టీకాల డాక్టరు వస్తే కొబ్బరితోటలోకి పోయి సాయంత్రం దాకా కనపడని మనిషి. అందుకని ఆయన పరీక్షలు వేరే రకం. ఎవరు ఏ భయంతో తాయెత్తు అడిగారో, ఆ భయం ఎదటికి తనే ముందు వెళ్ళి నిలబడి వస్తాడు.

పని మాత్రం బంగారం. ఆయన తాతలు తెల్లదొరల తుపాకులకి ఎదురెళ్ళేవాళ్ళకి తాయెత్తులు పోసినవాళ్ళు. త్రికోణంలో కన్ను, సూర్యుడి చుట్టూ కిరణాలు, అంచు వెంబడి ఎవరికీ అర్థం కాని మంత్రాక్షరాలు. ఈయన ఆ బొమ్మల్నే సన్నగా, ముద్దుగా చేసి లాకెట్లూ పోగులూ పిన్నులూ పోస్తాడు. పాత యుద్ధంనాటి తూటా గొట్టాలు పొలాల్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి. ఆ ఇత్తడే కరిగిస్తాడు. "మనల్ని చంపడానికి వచ్చిన ఇత్తడి. ఇన్నాళ్ళూ ఊరికే పడుంది. ఇప్పుడు మనల్ని కాపాడమను" అంటాడు. మనీలా నుంచి కాలేజీ ఆడపిల్లలు కూడా వెతుక్కుంటూ వస్తారు. వారం ఆగమంటే బస్సు టైమైపోతుందని ఏడుస్తారు. ఈయన మాత్రం వాళ్ళ లాకెట్ మెడలో వేసుకుని తాపీగా కాఫీ తాగుతుంటాడు.

మాంగ్ టెర్యోని అందరికంటే ఎక్కువ చూసిందీ, ఎక్కువ విసుక్కుందీ విసితా. ఆయన ఆమెకి జ్ఞానస్నానం నాటి నుంచీ ధర్మతండ్రి. ఆమె ఆయన్ని 'నినోంగ్' అనీ, ఆయన భార్య బెలెన్‌ని 'నినాంగ్' అనీ పిలుస్తుంది. బడిపిల్లల యూనిఫాములు కుట్టి బతుకుతుంది. వయసు ముప్ఫై నాలుగు. నోరు కాస్త పదును. ఆ పదునే ఆమె కొంప ముంచింది, ఆ సంగతి తరవాత.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళలో మగవాళ్ళని మాంగ్ అనీ, ఆడవాళ్ళని ఆలింగ్ అనీ మర్యాదగా పిలుస్తారు. ఆకుల్లో చుట్టిన సుమాన్ అమ్మే ఆలింగ్ సెపా కథ విసితా కళ్ళారా చూసింది. సెపా పొద్దున్నే బుట్టతో సంతకి వెళ్ళే దారిలో ఒక కుక్క ఉండేది. పేరు జనరల్. పేరుకి తగ్గట్టే ఆ వీధి దానిది. సెపా దాన్ని తప్పించుకోవడానికి ఊరంతా చుట్టి వెళ్ళేది. కొబ్బరిపాలల్లో ఉడికిన అన్నం చల్లారిపోతే ఎవరు కొంటారు? కుక్కల నుంచి కాపాడే పిన్ను ఒకటి చేసిపెట్టమంది. మాంగ్ టెర్యో చేశాడు. చొక్కాకి గుచ్చుకుని, నేరుగా వెళ్ళి జనరల్ ముందు నిలబడ్డాడు. జనరల్ పిక్క పట్టుకుంది.

కుక్క కరిచినప్పుడు ఆయన పెద్దగా అరవలేదు. ఆ తరవాత ఆసుపత్రిలో సూదులు పొడిచినప్పుడు మాత్రం బజారు దాకా వినపడింది.

"చూశారా, పనిచేయలేదు" అంది విసితా కట్టు కడుతూ.

"ఎందుకు చేయలేదు? కరిచింది గానీ లోతుగా కరవలేదు."

"సిగ్గు లేకపోతే సరి. మళ్ళీ వెళ్తారా ఏంటి?"

"వారం అవలేదు కదమ్మా."

కుంటుకుంటూ మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడు కూడా వెళ్ళాడు. వారం తిరిగేసరికి జనరల్ తోకాడించుకుంటూ ఆయన వెనకాల ఇంటిదాకా వచ్చింది. పిన్ను సెపా చేతికి వెళ్ళింది. ఆమె వణుక్కుంటూ ఆ వీధిలోంచి నడిస్తే జనరల్ ఆమె పాదాలు నాకింది. ఇంకేముంది, సంతంతా టముకు.

జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి తోలే బెర్టింగ్ సంగతీ అలాంటిదే. కొండదారి మలుపుల్లో ప్రమాదం జరక్కుండా గొలుసు అడిగాడు. మాంగ్ టెర్యో ఆ గొలుసు వేసుకుని వారం రోజులు బెర్టింగ్ పక్కసీట్లో కూర్చున్నాడు. ప్రతి మలుపుకీ ముందే "మెల్లిగా, నాయనా, మెల్లిగా" అని కేక. వెనకాల జనం గోల పెట్టారు. కోళ్ళు తీసుకెళ్తున్న ఒకామె, "ఈ ముసలాణ్ణి దింపుతారా, నన్ను దిగమంటారా?" అంది. ఐదో రోజు ఆయనే మెట్టు మీంచి జారి దిగిపోయాడు, బండి కదులుతుండగా.

"పడ్డాను గానీ గడ్డి మీద పడ్డాను" అన్నాడు మోచేతికి మందు రాసుకుంటూ. "గొలుసు పనిచేస్తోంది."

ఇవన్నీ ఒకెత్తు, ఆలింగ్ ఇదాంగ్ ఒకెత్తు. ఆమె కొడుక్కి పెళ్ళి కుదిరింది. కాబోయే అత్తగారి నోటికి జడిసి పెళ్ళికూతురు చెవిపోగులు చేయించుకుంది. పక్కన చీలిన కడియంలా ఉండే ఆకారం. వేల ఏళ్ళ కిందటివాళ్ళు పచ్చరాతిలో చెక్కి పెట్టుకునేవాళ్ళట. మాంగ్ టెర్యో వాటిని దారాలతో చెవులకి కట్టుకుని, ఇదాంగ్ వాకిట్లోకి వెళ్ళి, "నీ మిరపమొక్కలు వాడిపోయాయేంటి ఇదాంగ్?" అన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఇదాంగ్ మొక్కలతో మొదలుపెట్టి ఆయన పుట్టుక దాకా వెళ్ళింది. వీధివాళ్ళు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు.

"ఎంతసేపు తిట్టింది?" అని అడిగింది బెలెన్, ఇంటికొచ్చాక.

"అరగంటే. మామూలుగా గంట తిడుతుంది కదా."

"అయితే పనిచేసినట్టే" అంది బెలెన్, తలెత్తకుండా ఇత్తడి తోముకుంటూ. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెకి ఆశ్చర్యపడే అలవాటు పోయింది.

వారం రోజులూ వెళ్ళాడు, వారం రోజులూ తిట్లు తిన్నాడు. ఆ పిల్ల కాపురానికొచ్చాక అత్తగారు ఒక్క మాట అనలేదు. కోడలు ఇప్పటికీ చెవులు తడుముకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది.

ఇక విసితా సంగతి. ఆ ఊరి చివర వెదురు కుర్చీలు చేసే మాంగ్ గౌదెన్ ఆమె తండ్రి. తల్లి లేదు. ఏడేళ్ళుగా తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఎదురుపడితే ఆయన కొండకేసి చూస్తాడు, ఈమె దుకాణాలకేసి చూస్తుంది.

గౌదెన్ ఇంట్లో ఒక తాయెత్తు ఉండేది. తాతది. దానితోనే తాత తుపాకుల్లోంచి బతికి బయటపడ్డాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. గుండ్రటి ఇత్తడి బిళ్ళ, అంచు చుట్టూ మంత్రం. మసిబారి నల్లగా, రేగడి మట్టిబిళ్ళలా ఉండేది. విసితా తండ్రి పుట్టినరోజుకి ఏదైనా మంచిపని చేద్దామనుకుంది. నిమ్మకాయా బూడిదా పెట్టి మధ్యాహ్నమంతా కూర్చుని తోమింది. బిళ్ళ బంగారంలా మెరిసింది. అక్షరాలు పోయాయి. వందేళ్ళుగా చేతులు తగిలి అరిగినవి కదా, ఆ తోముడికి ఉన్న కాస్తా ఊడ్చుకుపోయాయి. అక్షరాలు పోతే బలం పోయినట్టే.

గౌదెన్ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, "మా తాతని తుడిచేశావు" అన్నాడు.

అప్పటికే విసితా గుండెలో రాయి పడింది. తప్పయిపోయింది నాన్నా అంటే అక్కడితో పోయేది. ఆ నోరు ఊరుకోలేదు. "ఆయన అంత మురికిగా ఉన్నాడని నాకేం తెలుసు?" అంది.

అంతే. ఆ మాట అంటూండగానే నాలుక కొరుక్కుంది గానీ బయటికి వచ్చిన మాట వెనక్కి పోతుందా? గౌదెన్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ వారమే ఆమె ఊరికి ఇటు చివర అద్దెగది తీసుకుంది. మొదట ఆయన పిలుస్తాడని ఈమె చూసింది. ఈమె వస్తుందని ఆయన చూశాడు. చూస్తూ చూస్తూ ఏడేళ్ళు చూశారు.

ఇప్పుడామెకి పెళ్ళి. రొట్టెలు కాల్చే ఆర్సెన్యో, మంచివాడు, పొద్దున ఆరింటికల్లా వేడిరొట్టెలు పొట్లం కట్టి ఆమె గుమ్మానికి తగిలించి పోయే మనిషి. ఈస్టరు పోయిన రెండోవారానికి చర్చిలో రోజు ఖాయమైంది. అన్నీ ఉన్నాయి. పక్కన నడిచి పీఠం దాకా తీసుకెళ్ళే తండ్రే లేడు. మామయ్యల్ని పిలుచుకోమని అందరూ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పక్కన నాన్న నడవాలి, లేకపోతే ఆ పక్క ఖాళీగానే ఉండాలి. కానీ ఆ గుమ్మం ఎక్కడం ఆమె వల్ల కాలేదు. నాలుగుసార్లు మూలమలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"నినోంగ్, నాకొక తాయెత్తు చేసిపెట్టండి" అంది చివరికి.

"దేనికి?"

"ధైర్యానికి."

"ధైర్యం చాలా రకాలు. కుక్కలకా, దొంగలకా?"

"నాన్నకి."

మాంగ్ టెర్యో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది అన్నిటికంటే గట్టిది పోయాలి" అన్నాడు.

నాలుగు రోజుల్లో లాకెట్ తయారైంది. మధ్యలో కన్ను, చుట్టూ సన్నటి కిరణాలు, చూస్తే చూపు తిప్పుకోలేనంత అందంగా ఉంది. అంచు మాత్రం ఖాళీ.

"మంత్రం ఏదీ?"

"వస్తుంది. ముందు పరీక్ష కావాలి కదా."

"నినోంగ్, పెళ్ళి దగ్గరపడుతోంది. ఈ ఒక్కసారికి పరీక్ష మానేయకూడదా?"

"ఒకవేళ పనిచేయకపోతే? మీ నాన్న ముందు నీ పరువు పోతుంది. నాదైతే ఎలాగూ లేదు" అని లాకెట్ మెడలో వేసుకుని, ఊరి చివరికి బయల్దేరాడు.

వారం అయింది. ఇవ్వలేదు. రెండు వారాలయింది. ఇవ్వలేదు. రోజూ మధ్యాహ్నం ఆడవాళ్ళ లాకెట్ మెడలో ఊగించుకుంటూ గౌదెన్ ఇంటికి వెళ్తాడు, పొద్దువాలేవేళకి వస్తాడు. అడిగితే "ఇంకా తేలలేదు" అంటాడు. ఒకరోజు విసితా మిషను దగ్గర్నుంచి లేచి దారికి అడ్డం నిలబడింది.

"మీ పొట్ట పెరుగుతోంది గానీ పరీక్ష ముందుకు పోవట్లేదు."

"మీ నాన్న వంట బాగుంది. చింతపులుసు చేప, ఆహా."

"నేను చచ్చేంత బెంగతో ఉంటే మీరు పులుసులు తాగుతున్నారా?"

"తాయెత్తు వేసుకుని తాగుతున్నాను. ఊరికే కాదు" అని పక్కనించి తప్పుకుపోయాడు.

పవిత్రవారం వచ్చింది. ఊళ్ళో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. ఇంటింటా యేసు శ్రమల పద్యాలు వంతులవారీగా పాడుతున్నారు. లాకెట్ మీద చెక్కుడు పెద్ద శుక్రవారం లోపు పూర్తి కావాలి. ఆ రోజు దాటితే బలం పోయడానికి మళ్ళీ ఏడాది ఆగాలి. గురువారం పొద్దున విసితా ఇక ఓపిక పట్టలేక చర్చి పక్కన బెలెన్ అంగడికి వెళ్ళింది. బెలెన్ కొవ్వొత్తుల పక్కన పోగులు పేరుస్తోంది.

"నినాంగ్, నాకు తాయెత్తు వద్దు, ఏం వద్దు. ఆయన్ని ఆ ఇంటికి వెళ్ళడం మానేయమనండి. నాన్నతో నా గురించి ఏం కబుర్లు చెబుతున్నారో ఏంటో."

బెలెన్ తలెత్తి ఆమెని చూసింది. చేతిలోని పోగులు కింద పెట్టింది.

"కూర్చో" అంది. "ఆయన తాయెత్తుల్ని పరీక్షిస్తాడని నువ్వు కూడా అనుకుంటున్నావా?"

"మరి?"

"సూది చూస్తే పారిపోయే మనిషి కుక్క ముందు వారం రోజులు ఎందుకు నిలబడ్డాడు? కరిపించుకోవడానికా? మా ఇంట్లో ఎండుచేపలన్నీ ఆ వారమే అయిపోయాయి. రోజూ జేబులో వేసుకెళ్ళి దానికి పెట్టేవాడు. సెపా వీధిలోకి వచ్చేసరికి ఆ కుక్కకి ఆ పిన్ను వాసన తెలుసు."

విసితా అప్పుడు కూర్చుంది.

"బెర్టింగ్ బండి టైర్లు గుండులా నున్నగా అయిపోయాయి. పక్కన కూర్చుని వారం రోజులు చెవిలో పోరి మార్పించాడు. ఇదాంగ్ మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె మాట కూర్చుని విన్నవాళ్ళు ఒక్కరు లేరు. తిట్టినంతసేపూ తిట్టించుకుని, తరవాత ఇంకో గంట కూర్చునేవాడు. ఏడో రోజు తిట్టడం మానేసి ఏడ్చిందట. ఈయన కూడా ఏడ్చి వచ్చాడు." బెలెన్ నవ్వింది. "దారి ఊడ్చి వస్తాడమ్మా. ముళ్ళుంటే ముందు తన కాళ్ళకి గుచ్చుకోవాలని. నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఎవరితోనైనా అంటే తాయెత్తుల మీద నమ్మకం పోతుందని బెంగ. నువ్వూ అనకు."

"మా ఇంట్లో ఏం చేస్తున్నారు మరి?"

"చెరిగిపోయిన మంత్రం రాబడుతున్నాడు. ఆ బిళ్ళ మీదది. మీ నాన్నకి రాసింది చదవడమే గానీ కంఠతా లేదు. మొదట్లో అసలు మాట్లాడనే లేదట. తరవాత ఒక మాట గుర్తొచ్చింది. రెండు రోజులకి ఇంకోటి. వచ్చిందల్లా ఈయన చెవిలో చెప్పడం, ఈయన నీ లాకెట్ అంచు మీద చెక్కడం. మీ తాతల మంత్రం నీ మెడలోకి రావాలని. మీ నాన్నకి చెప్పే ఇదంతా చేస్తున్నాడులే. ఎవరి లాకెటో ఆయనకి మొదటి రోజే తెలుసు."

"తెలిసీ చెబుతున్నాడా?" అంది విసితా.

"తెలిసే. చివరి మాట ఒక్కటి గుర్తు రావట్లేదు. నాలుగు రోజులుగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గోడలు చూస్తున్నారట. రేపటికల్లా రాకపోతే అంతా వృథా."

బిళ్ళ తోమిన ఆ మధ్యాహ్నమంతా విసితా కళ్ళ ముందుకి వచ్చింది. చుట్టూ ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే పోతుంటే, పోతున్నది మురికే అనుకుంటూ, వాటిని కూనిరాగంలా చదువుకుంటూ తోమింది. మొదటివి మర్చిపోయింది. చివరిది లోతుగా చెక్కి ఉంది. దాన్ని పోగొట్టడానికి చాలాసేపు పట్టింది.

"నినాంగ్, ఆ చివరి మాట నాకు తెలుసు."

"నాకు చెప్పకు" అని బెలెన్ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "కాగితం మీదా రాయకు. అది నోట్లోంచి చెవిలోకే పోవాలి, అదీ ఎవరికి చెందుతుందో వాళ్ళ చెవిలోకి. మీ నాన్న దగ్గరికి వెళ్ళు."

"ఇప్పుడా? లాకెట్ లేకుండానా?"

"లాకెట్ అక్కడే ఉందిగా, మీ నినోంగ్ మెడలో."

విసితా వెళ్ళింది. మూలమలుపు దగ్గర కాళ్ళు ఎప్పటిలాగే ఆగాయి. ఈసారి ఆమె వాటి మాట వినలేదు. ఊడ్చిన దారి కదా, నడవకపోతే ఆయన తిన్న చేపలపులుసంతా దండగ అనుకుంది, ఏడవబోయి నవ్వింది.

వాకిట్లో చీల్చిన వెదురు పరిచి ఉంది. గౌదెన్ చిన్న పీట మీద కూర్చుని, బోడి బిళ్ళని బొటనవేలితో రుద్దుతున్నాడు. పక్కన మాంగ్ టెర్యో, మెడలో లాకెట్, చేతిలో అన్నం పళ్ళెం. విసితాని చూసి ముద్ద గొంతులోనే ఆపుకున్నాడు.

తండ్రి జుట్టు తెల్లబడింది. అది ఆమెకి దుకాణాలకేసి చూస్తూ నడిచినన్నాళ్ళూ తెలియలేదు.

"గౌదెన్, ఎవరో వచ్చారు" అన్నాడు మాంగ్ టెర్యో.

"కనపడుతోంది" అన్నాడు గౌదెన్, కొండకేసి చూస్తూ.

"ఏం కావాలో అడుగుదామా?"

"నువ్వే అడుగు."

"నినోంగ్" అంది విసితా, "చివరి మాట నాకు తెలుసని ఆయనకి చెప్పండి."

"గౌదెన్, చివరి మాట తనకి తెలుసట."

గౌదెన్ వేలు బిళ్ళ మీద ఆగింది. "ఎలా తెలుసట?"

"తుడిచింది నేనే కదా" అంది విసితా, ఈసారి తండ్రికే. "అందుకే తెలుసు. ఆ రోజు నేనన్న మాట తప్పు నాన్నా. తాత గురించి అలా అనకూడదు. అప్పుడే చెప్పాల్సింది."

గౌదెన్ కొండని వదిలి కూతుర్ని చూశాడు.

"టెర్యో, నువ్వు అవతలికి పో" అన్నాడు.

"అన్నం సగంలో ఉంది."

"పళ్ళెంతో పో. పనసచెట్టు దాకా వెళ్ళు. చెవులు మూసుకో."

"పళ్ళెం పట్టుకుని చెవులెలా మూసుకుంటానయ్యా?" అని గొణుక్కుంటూనే లాకెట్ తీసి విసితా చేతిలో పెట్టి, ఆయన వెళ్ళిపోయాడు. అంచు చుట్టూ చీమల బారులా అక్షరాలు, చివర్న వేలిగోరంత ఖాళీ.

విసితా తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన తల వంచాడు. ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. కోసిన వెదురు వాసన, ఆయన తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన. ఆ మాట చెప్పింది. అదేం మాటో మనకి అనవసరం.

గౌదెన్ చేతిలోని బిళ్ళ పక్కన పెట్టాడు.

"అదేనా నాన్నా?"

"ఈ చెవిలో సరిగా వినపడదు నాకు" అన్నాడాయన. "ఇటు చెప్పు."

ఆమె అటువైపు జరిగి రెండో చెవిలో చెప్పింది.

"కొంచెం నెమ్మదిగా."

నెమ్మదిగా చెప్పింది.

పనసచెట్టు దగ్గర్నుంచి మాంగ్ టెర్యో కేకేశాడు. "అయిందా? రేపు శుక్రవారం. పొద్దుండగానే చెక్కాలి నేను."

"అవలేదు, అక్కడే ఉండు" అని గౌదెన్ తిరుగు కేక వేశాడు. తరవాత గొంతు తగ్గించి, "పెళ్ళి ఏ రోజని చెప్పావు?" అన్నాడు.

"చెప్పలేదు. నువ్వు అడగలేదు."

"అడుగుతున్నాను."

"ఈస్టరు పోయిన రెండో శనివారం. పొద్దున్నే. నువ్వు నా పక్కన నడవాలి."

గౌదెన్ తలూపాడు. వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. తెల్లచొక్కా కుట్టడానికి ఆ రోజులు సరిపోతాయా అని అడిగాడు. కుట్టేది తనే కాబట్టి సరిపోతాయని విసితా చెప్పింది. కాలరు బిగుతుగా ఉండకూడదన్నాడు. ఉండదంది.

"సరే. ఆ మాట ఇంకొకసారి చెప్పు" అని మళ్ళీ మొదటి చెవి చూపించాడు.

"అది వినపడదన్నావు కదా?"

"చెప్పి చూడు" అన్నాడు గౌదెన్. "నాకెందుకో ఇప్పుడు వినపడేలా ఉంది."